ఊరని చెలమ

“ఏట్లో బురద పోయిస్తాండేది నువ్వే ప్రకాశం మామా. ఎగువ నుంచి కొట్టుకొచ్చింది గాదది. మున్సిపాలిటీ కాలవది అంతకన్నా గాదు. నీ పాలిషు ఫ్యాక్టరీ బురద. నీ ట్రాక్టర్లు పోస్తాంటే సూసి గమ్మున కూచునింది ఈ కమిటీ పెద్దలంతా.”

ప్రసన్నకుమారి ఈ మాట వీధి మొగదలలో నిలబడి అనలేదు. చర్చి వెనక గదిలో, ఆదివారం ఆరాధన ముగిశాక, కమిటీ పెద్దలు టీ తాగుతూ వచ్చే ఆదివారం బాప్తిస్మం ఏర్పాట్లు మాట్లాడుకుంటున్నప్పుడు అన్నది. బాప్తిస్మం ఎవరికో కాదు, ప్రకాశం మనవడికే. పులివెందుల నుంచి వియ్యంకులు వస్తున్నారు, బిర్యానీ ప్రొద్దుటూరు నుంచి తెప్పిస్తున్నారు, పందిరి ఎంత పొడుగు వేయాలి అన్న దగ్గర మాట నడుస్తోంది. ఆ మాట మధ్యలో ఈ మాట పడింది.

జమ్మలమడుగుకు కాస్త దూరంలో, పెన్న ఒడ్డునే ఉంటుంది ఆ క్రైస్తవ పాళెం. అక్కడ ప్రకాశాన్ని ఎదిరించి మాట్లాడే మనిషి లేడు. చర్చికి కొత్త రేకులు వేయించింది ఆయన. మైకు సెట్టు కొనిచ్చింది ఆయన. చర్చి ముందు పరిచిన నున్నటి బండలు ఆయన ఫ్యాక్టరీవే. పాళెంలో సగం ఇళ్ల మగవాళ్లు ఆ ఫ్యాక్టరీలో నాపరాళ్లు కోసి, పాలిషు పట్టి బతుకుతున్నారు. ఇక నోళ్లు ఎక్కడ లేస్తాయి?

బండకు పాలిషు పడుతున్నంతసేపూ మిషను కింద నీళ్లు పారుతూనే ఉండాలి. ఆ నీళ్లలో రాతిపిండి కలిసి చిక్కటి బురదవుతుంది. దాన్ని నిలవేసి ఆరబెట్టడానికి ఫ్యాక్టరీ వెనక తొట్టి కట్టారు. తొట్టి ఎప్పుడో నిండిపోయింది. నిండినదాన్ని తోడించి, ఎండబెట్టి, దూరంగా తోలించాలంటే ఖర్చు. పక్కనే పెన్న ఉంది. ఏరు నోరు తెరిచి వద్దనదు. ఎత్తి అందులో పోయించడం మొదలుపెట్టారు.

ప్రసన్నకుమారి జమ్మలమడుగు డిపోలో కండక్టరు. ప్రొద్దుటూరు బస్సు, పులివెందుల బస్సు, ఏది ఎక్కినా ఆమె గొంతు వెనక సీటుదాకా వినపడుతుంది. తాగి ఎక్కినవాణ్ని దించేయడానికి డ్రైవరు సాయం ఆమెకు అక్కర్లేదు. ఆదివారం పొద్దున మాత్రం డ్యూటీ వేయించుకోదు. ఆ పొద్దు సండేస్కూలు. పాళెం పిల్లలంతా ఆమె దగ్గరే.

ఆమె పాఠం చెప్పే తీరు వేరు. బొమ్మలకు రంగులేయించి, వాక్యాలు కంఠతా అప్పజెప్పించుకుని, బిస్కెట్లు పంచి పంపే రకం కాదు. దేవుడు ఆదామును తోటలో పెట్టింది కాయలు కోసుకుని తిననీకేనా, తోటకు కాపలా పెట్టినాడు గదా, కాపలావాడు పండుకుంటే తోట ఏమైతాది చెప్పండి అని అడుగుతుంది. నోవహు తనకు ఇష్టమైనవాటినే ఓడ ఎక్కించుకోలేదు, కాకిని కూడా ఎక్కించుకున్నాడు అంటుంది. అని ఊరుకోదు. పిల్లల్ని తీసుకుపోయి చర్చి వెనక వంకలో, చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమ విందుల ప్లాస్టిక్ ప్లేట్లు ఏరించింది. ఇవి ఎవరో పారేసినవి కావు, మనం తిని మనం పారేసినవేనని చూపించింది. ఆ తర్వాత విందుకు పిల్లలే ఇంటింటికీ తిరిగి ఎవరి తట్ట వాళ్లు తెచ్చుకోమని చెప్పి వచ్చారు. పెద్దలు నవ్వుకుంటూనే తట్టలు తెచ్చుకున్నారు.

అంతవరకు అందరికీ ముచ్చటగానే ఉంది. పిల్లలు మొక్కలు నాటుతుంటే ఫొటోలు తీసి చర్చి గ్రూపులో పెట్టుకున్నారు. ప్రకాశం కూడా కింద స్తోత్రం అని రాశాడు. పిల్లలు చెట్లు పెంచినంతకాలం దేవునికి మహిమ. పిల్లలు ఫ్యాక్టరీ వైపు చూసేసరికి మహిమ చాలించమన్నారు.

చూసింది మొదట ప్రకాశం మనవరాలే. పేరు హెప్సిబా. ఆరో తరగతి. బాప్తిస్మం తీసుకోబోయే పసివాడి అక్క. అంతకుముందు ఆదివారం ప్రసన్నకుమారి పిల్లల్ని ఏట్లోకి తీసుకుపోయింది, బాప్తిస్మానికి చెలమ ఎక్కడ తీయాలో చూసుకోవడానికి.

ఈ చర్చికి ఒక పద్ధతి ఉంది. బాప్తిస్మపు నీళ్లు కొళాయివి కాకూడదు, బోరువి కాకూడదు. పెన్న ఇసుకలో గుంట తీసి, ఆ చెలమలో ఊరిన నీళ్లే తేవాలి. తీసేదీ తెచ్చేదీ పిల్లలు. కుండ మోసేది ఆ బిడ్డ తోబుట్టువు. ఎందుకిట్లా అంటే పాళెంలో ఏ ముసలమ్మైనా చెప్తుంది. ముత్తాతల నాడు వీళ్లను ఊరి బావి చుట్టుపక్కలకు రానిచ్చేవాళ్లు కాదు. కడవలు పెట్టుకుని ఎడంగా నిలబడితే, జాలి పుట్టినవాళ్లు పైనుంచి పోస్తే తెచ్చుకోవాలి. కరువొచ్చిన ఏడు ఆ జాలి కూడా పుట్టలేదు. అప్పుడు వీళ్లు ఏట్లోకి దిగి చేతులతో ఇసుక తోడారు. నీళ్లు ఊరాయి. మీరెవరు, మీదేం కులం అని పెన్న అడగలేదు. తర్వాత మిషనరీ దొర బాప్తిస్మం ఇవ్వడానికి వచ్చి, ఊరివాళ్లతో మాట్లాడి బావి నీళ్లు తెప్పిస్తానంటే, మాకొద్దు, మా నీళ్లు మాకున్నాయని చెలమ నీళ్లే తెచ్చి పెట్టారు. ఆ పొద్దు ఇసుక తోడిన వాళ్లలో ప్రకాశం ముత్తాత ఒకడు.

అలాంటి చోట ఆ ఆదివారం పిల్లలకు ఇసుక కనబడలేదు. ఒడ్డు నుంచి పాయ దాకా బూడిద రంగు బురద ఆరి, బీటలు వారి, పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. హెప్సిబా ఒక పెచ్చు చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. ఆ పిల్ల ఆ ఫ్యాక్టరీలో ఆడుకుని పెరిగింది. ఆ పిండి తన గౌనుకు ఎన్నిసార్లు అంటుకోలేదు!

“ఇది మా తాత ఫ్యాక్టరీది గదా టీచర్?”

పిల్లలంతా టీచరు మొహం వైపు చూశారు. ప్రసన్నకుమారి అవునంది. కానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన మనిషి వేరే ఉన్నాడు. అందుకే ఈ ఆదివారం పిలవకుండానే కమిటీ గదిలోకి వచ్చింది.

ప్రకాశం మొదట నవ్వాడు. “బస్సులో టికెట్టు ల్యానోన్ని గదమాయించినట్టు గదమాయిస్తాండావే అమ్మీ. కూచో, టీ తాగు” అన్నాడు. ఆమె కూచోలేదు. అప్పుడు ఆయన వరసగా చెప్పుకొచ్చాడు. టౌను మురుగంతా ఏట్లోకే పోతోంది, దాన్ని అడిగినావా? ఇసుక ఎత్తుకుపోతున్నారు, వాళ్లను అడిగినావా? తొట్టి తోడించేదాకా మిషన్లు ఆపితే పాళెంలో పొయ్యి వెలిగేదెట్లా? వచ్చే ఏడు చూద్దాం, దేవుడు దోవ చూపిస్తాడు. పెద్దలు తలలూపారు. ఆ తలల్లో కొన్ని ఫ్యాక్టరీలో కూలికి వంగే తలలు, వాటిని తప్పు పట్టి లాభం లేదు. ఫ్యాక్టరీతో పని లేని తలలు కూడా ఊగాయి. వాటిని తప్పు పట్టాల్సిందే.

పాస్టరు ఆరోన్ అయ్యగారు ఆ చర్చికి వచ్చి ఏడాది కాలేదు. మెత్తటి మనిషి, ఎవరి మనసూ నొప్పించడు, అందువల్ల ఎవరికీ ఉపయోగపడడు. ఆయన గొంతు సవరించుకుని, ఏటి నీళ్లు బాగాలేకపోతే ఈసారికి క్యాను నీళ్లు తెప్పించుకుందాం, నీళ్లు ఎక్కడివైనా పరిశుద్ధపరిచేది ప్రభువే కదా అన్నాడు. ప్రకాశం ఆ మాట చటుక్కున పట్టుకున్నాడు. అదే మేలన్నాడు.

“అట్లయితే అయ్యగారూ, వచ్చే ఆదివారం సండేస్కూలుకు మీరే రాండి” అంది ప్రసన్నకుమారి. “దేవుడిచ్చిన ఏరు పాడైతే పాడు కానీ, మనకు అంగట్లో క్యాను దొరుకుతాది అని మీ నోటితో మీరే పిల్లోళ్లకు జెప్పండి. నేను జెప్పినదంతా అబద్ధమని గూడా జెప్పండి.”

ప్రకాశం మొహంలో నవ్వు పోయింది. ఆయన తీర్పు చెప్పేశాడు. శనివారం పిల్లలు చెలమ తీస్తారు. ఆదివారం పొద్దున తేట నీళ్లుంటే పద్ధతి ప్రకారం అవే. లేకుంటే క్యాను. ఈలోపల పిల్లల్ని పెద్దల మీదికి ఎగదోసే పని ఇంకొక్కసారి చేస్తే ప్రసన్నకుమారి సండేస్కూలు తాళం చెవి ఇచ్చేసి ఇంటి దగ్గర కూచోవచ్చు. తన కోడలు ఖాళీగానే ఉంది, రంగు బొమ్మలు బాగా వేయిస్తుంది.

ఇంటికి పోతూ ప్రసన్నకుమారి సంచిలోంచి తాళం చెవి తీసి చూసుకుంది. ఆ తరగతి ఆమెకు ఉద్యోగం కాదు, జీతం లేదు. కానీ ఆ పిల్లలు తన మాట నమ్మి వంకలోకి దిగారు, తట్టల కోసం ఇంటింటికీ తిరిగారు. కాపలావాళ్లం మేమేనని నమ్మారు. ఇప్పుడు క్యాను మూత తీసి బాప్తిస్మపు తొట్టిలో పోస్తే వాళ్లకు ఒకటే అర్థమవుతుంది. చిన్న చెత్త ఏరనీకి మనం, పెద్ద చెత్త పోయనీకి పెద్దోళ్లు, దేవుడు పెద్దోళ్ల పక్క. అది గనక వాళ్ల తలల్లోకి పోయిందంటే ఇక ఏ పాఠంతోనూ తీయలేం.

అందుకే బెదిరింపును పక్కన పెట్టి, వారం మధ్యలో డ్యూటీ దిగిన సాయంత్రం పిల్లల్ని వెంటేసుకుని ఏటి దోవకు అడ్డంగా పోయి నిలబడింది. ట్రాక్టరు రానే వచ్చింది. తోలుతున్నది హుమాయున్. పాళెం పక్క వీధి. కొన్నేళ్లు కువైట్‌లో లారీ తోలి, ఆరోగ్యం చెడి తిరిగొచ్చి, ఈ ఫ్యాక్టరీలో చేరాడు. బ్రేకు వేసి తల బయట పెట్టి, తప్పుకోమని బతిమాలుకున్నాడు. లోడు మీదున్నాను, టైర్లు దిగబడతాయన్నాడు.

“యాడికి తోల్తాండావు తమ్ముడూ?”

“తెల్సి అడుగుతావేందక్కా. యాడ పొయ్యమంటే ఆడ పోస్తా. నేను తోలకుంటే ఇంగొకడు తోల్తాడు.”

హెప్సిబా వెనక నుంచి ఒక బుడ్డోడు తొంగి చూశాడు. పేరు దానియేలు. నోరు ఊరుకోని రకం. “మీ బోరు నీళ్లు గూడా తెల్లగా వస్తాండాయంట గదా మామా. మీ పాప గౌసియా బళ్లో జెప్పింది” అన్నాడు.

హుమాయున్ ఇంజను ఆపేశాడు. ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు చెప్పాడు. “మా అమ్మ దినామూ తిడ్తాంది. నమాజుకు ముందు కాళ్లు కడుక్కుంటే ఆరినాక పాదాల మీద తెల్లగా పేరుకుంటాంది. నా కొడుకు దుడ్లకు ఏట్లో సున్నం పోసి, ఆ సున్నంతోనే నాకు వజూ చేయిస్తాండాడు అంటాది.”

ఆ పొద్దు ట్రాక్టరు వెనక్కి తిప్పుకుపోయాడు. పిల్లలు గెలిచామని కేకలేసుకుంటూ ఇళ్లకు పరిగెత్తారు. మర్నాడు ఫ్యాక్టరీ వాళ్లు శ్మశానం పక్క దోవన తోలించారు. ప్రసన్నకుమారి ఆ వేళకు పులివెందుల బస్సులో టికెట్లు కొడుతోంది. కిటికీలోంచి ట్రాక్టరును చూసింది. చూడ్డం తప్ప చేయగలిగింది ఏమీ లేకపోయింది.

శనివారం సాయంత్రం పిల్లలు చెలమ తీశారు. బురద పెచ్చులు పీకి, కింద ఇసుక దొరికేదాకా తోడారు. నీళ్లు ఊరాయి గానీ బూడిద కలిపిన మజ్జిగలా ఊరాయి. చెలమ పద్ధతి ఏందంటే, మొదట ఊరినవి తోడి పారబోస్తే తర్వాత తేట నీళ్లు వస్తాయి. తోడారు. మళ్లీ అవే. మళ్లీ తోడారు. చేతులు కందిపోయాయి, వెలుతురు సన్నగిల్లింది, నీళ్ల రంగు మారలేదు.

ప్రార్థన చేద్దామన్నది హెప్సిబానే. చెలమ చుట్టూ మోకాళ్లేశారు. ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పుకున్నారు. “ప్రభువా, తేట నీళ్లు ఇస్తివా, ఇంగెప్పుడూ కానుకల సంచిలో కాయితం ముక్కలెయ్యను” అని దానియేలు బేరం పెట్టాడు. ఎవరూ నవ్వలేదు. ప్రసన్నకుమారి కూడా కళ్లు మూసుకుంది గానీ ఏమడగాలో ఆమెకు తోచలేదు. రాతిపిండిని నీళ్ల నుంచి వేరు చేయమని దేవుణ్ని అడగడం, ప్రకాశం పనిని దేవుని నెత్తిన పెట్టడమే కదా అనిపించింది. ఆ మాట పిల్లలతో అనలేకపోయింది.

ఆదివారం తెల్లవారుతూనే కుండ తీసుకుని ఏట్లోకి దిగారు. ముందు పరిగెత్తిన దానియేలు చెలమ దగ్గర ఆగి గట్టిగా అరిచాడు. ప్రసన్నకుమారి ఏ పామో ఉందనుకుంది. దగ్గరికి పోయి చూస్తే చెలమ నిండా నీళ్లు. అద్దం మాదిరి. అడుగు కనబడుతోంది.

“దేవుడు తేట చేసినాడు టీచర్. మనం అడిగినాం గదా, చేసినాడు” అంటున్నారు పిల్లలు. కొందరు ఏడుస్తున్నారు. హెప్సిబా కుండ కింద పెట్టి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ప్రసన్నకుమారి కూడా చేతులు జోడించింది. నిన్న తాను అడగలేకపోయినదాన్ని ఈ పిల్లలు అడిగి తెచ్చుకున్నారా? నా నమ్మకమే చిన్నదా? ఆ క్షణం ఆమె నిజంగానే నమ్మింది.

పద్ధతి ప్రకారం మొదటి కుండ ఏటికే. హెప్సిబా నిండా ముంచి ఇసుక మీద పోసింది. తర్వాత కాసేపు కూచోవాలి. తోడినంత మేరా చెలమ మళ్లీ ఊరాలి, అప్పుడు రెండో కుండ ముంచుకోవాలి. కూచున్నారు. ఒక పాట పాడారు. ఇంకో పాట పాడారు. హెప్సిబా వంగి చూసింది.

“ఊరడంల్యా టీచర్.”

కుండ ముంచినప్పుడు ఎక్కడిదాకా దిగాయో నీళ్లు అక్కడే ఉన్నాయి, గిన్నెలో పోసి పెట్టినట్టు. ప్రసన్నకుమారి చెయ్యి లోపలికి పెట్టింది. అడుగున ఇసుక తగల్లేదు. రాత్రంతా పేరుకుని, మెత్తిన అరుగులా నున్నగా గట్టిపడిన రాతిపిండి తగిలింది. పైకి రానివ్వదు, కిందికి పోనివ్వదు. దోసిట్లో కాసిని పట్టుకుని నాలుక మీద వేసుకుంది. చెలమ నీళ్లకు ఇసుక వాసన ఉంటుంది, చిన్న తీపి ఉంటుంది. వీటికి ఏ రుచీ లేదు. రోజూ బస్సులో సీసాతో తాగే ఫిల్టరు నీళ్లు ఇవే.

ఒడ్డు మీద ట్రాక్టరు ఆగి ఉంది. హుమాయున్ తుమ్మ చెట్టు కింద ఖాళీ క్యాన్లు ఏరుకుంటున్నాడు. ఆమెను చూసి ఒక క్యాను చేతిలో ఉండగానే నిలబడిపోయాడు. ఆమె ఒంటరిగా అతని దగ్గరికి పోయింది.

“చీకటుండగానే బురద నీళ్లు తోడేసి ఇవి పొయ్యమన్యారక్కా” అన్నాడు, తల ఎత్తకుండా. “పిల్లోళ్లు సంతోషపడ్తారు, పుణ్యం గూడా అన్యారు.”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. పిల్లలు చెలమ చుట్టూ ఇంకా చేతులు జోడించే ఉన్నారు. ఊరుకోవచ్చు. చెలమలో ఇంకో కుండకు సరిపడా ఉన్నాయి. ముంచుకుపోతే బాప్తిస్మం అవుతుంది, ప్రకాశం సంతోషిస్తాడు, సండేస్కూలు తన దగ్గరే ఉంటుంది. ఈ పిల్లలు ముసలివాళ్లయ్యాక కూడా మాకోసం దేవుడు ఏరు తేట చేశాడని చెప్పుకుంటారు. ఇప్పుడు నోరు విప్పితే ఆ మొహాలు ఏమవుతాయో ఆమెకు తెలుసు. ఆ మొహాలు చూడ్డం కన్నా బస్సులో పదిమంది తాగుబోతులతో కొట్లాడ్డం మేలు.

కానీ ఊరుకుంటే ఏరు సంగతి? దేవుడే తేట చేస్తాడు, మనం పోస్తూనే ఉందాం అని నేర్చుకుంటారు. ప్రకాశం నేర్పాలనుకున్నది కూడా అదే. ఆమె చెలమ దగ్గరికి వచ్చి మోకాళ్ల మీద కూచుంది, వాళ్ల కళ్లకు సమానంగా.

“ఇవి ఊరిన నీళ్లు గాదు. పోసిన నీళ్లు. తెల్లారకముందే క్యాన్లతో పోసినారు.”

దానియేలు మూతి వంకర తిరిగింది. “అంటే మనం అడిగింది దేవుడు ఇన్లేదా?”

“ఇన్నాడు. ఇన్నాడు గాబట్టే మొదటి కుండ పారబోసి కూచున్నాం. తొందరపడి ముంచుకోని పోయింటే మోసం నీళ్లు మోసుకోని పోయుందుము.”

వాడు నమ్మాడో లేదో తెలియదు. హెప్సిబా మాత్రం లేచింది. కొబ్బరి చిప్ప తీసుకుని చెలమలో మిగిలిన తేట నీళ్లన్నీ తోడి ఒడ్డున చిగురేస్తున్న కానుగ మొక్కకు పోసింది. హుమాయున్ ట్రాక్టరులోంచి గడ్డపార తెచ్చి, ఎవరూ అడక్కముందే, అడుగున గట్టిపడిన పొరను పొడిచాడు. పొర పగిలింది. కింది నుంచి బూడిద నీళ్లు ఊరాయి. హెప్సిబా వాటితో కుండ నింపి, చంకనెత్తుకుంది.

చర్చి కిటకిటలాడుతోంది. పులివెందుల వియ్యంకులు ముందు బెంచీల్లో ఉన్నారు. ప్రకాశం భార్య సరోజమ్మ తెల్ల పట్టు గౌను తొడిగిన మనవణ్ని ఒళ్లో పెట్టుకుని తొట్టి పక్కనే కూచుంది. పిల్లలు పాడుకుంటూ రావడం ఆనవాయితీ. ఈసారి పాట లేకుండా వచ్చారు. ఆరోన్ అయ్యగారు పద్ధతి ప్రకారం నీళ్లు పోయమన్నాడు. హెప్సిబా కుండ వంచింది.

బూడిద నీళ్లు తెల్ల తొట్టిలో పడ్డాయి. మొదటి బెంచీల్లో గుసగుసలు లేచాయి. సరోజమ్మ పసివాణ్ని గుండెకు హత్తుకుని వెనక్కి జరిగింది. ప్రకాశం బెంచీ తోసుకుని వచ్చాడు.

“ఏందే ఇది? ఆడ తేట నీళ్లుంటే ఈ బురదెందుకు తెచ్చినావు?”

“తేట నీళ్లుండాయని నీకెట్ల తెల్సు తాతా? నువ్వు ఏటికి రాల్యా గదా.”

పిల్ల నిలదీయాలని అడగలేదు, నిజంగానే అడిగింది. సరోజమ్మ మొగుడి వైపు చూసింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన మాటకు తలూపిన మనిషి, పసివాణ్ని కోడలి చేతికిచ్చి లేచి నిలబడి, చెప్పు, పిల్ల అడుగుతాంది గదా అంది. వియ్యంకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెనక బెంచీల్లో ఫ్యాక్టరీ కూలీలు కూడా లేచి నిలబడి చూస్తున్నారు.

ఆరోన్ అయ్యగారు తొట్టిలో వేలు ముంచాడు. వేలికి అంటుకున్న బురదను కిటికీ వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. తుడుచుకోలేదు. “పసిబిడ్డ తల మీద వీటిని పొయ్యలేను” అన్నాడు మెల్లగా. ఆగి, ఈసారి చివరి బెంచీకి వినపడేలా అన్నాడు, “క్యాను నీళ్లు గూడా పొయ్యను. ఈ చర్చిలో ఏటి నీళ్లే, అవి తేటైనాకే.”

ఆ మనిషి నోట అంత గట్టి మాట అంతకుముందు ఎవరూ వినలేదు. ప్రకాశం కోపం తిరిగి దోవ వెతుక్కుంది. ఇదంతా ఈమె చేయించింది, సండేస్కూలు తాళం చెవి ఇక్కడ పెట్టి బయటికి పొమ్మను అన్నాడు. ప్రసన్నకుమారి సంచిలోంచి చెవి తీసి బల్ల మీద పెట్టింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఆమె చుట్టూ నిలబడ్డారు. ప్రకాశం కోడలు లేచి, బల్ల మీది చెవి తీసి ప్రసన్నకుమారి చేతిలో తిరిగి పెట్టేసింది. నా కొడుక్కు రేపు పాఠం జెప్పేది నువ్వేనక్కా, నాకు బొమ్మలెయ్యడం తప్ప ఏం రాదు అంది.

ప్రసన్నకుమారి బెంచీల వైపు తిరిగింది. మైకు అక్కర్లేని గొంతు అది.

“ఈ పొద్దు ఎవురూ బిర్యానీకి కూచోగూడదు. ఇండ్లకు పోయి పారలు, గంపలు తీస్కోని ఏటికి రాండి. హుమాయున్ బయట ఖాళీ ట్రాక్టరు పెట్టుకోని నిలబడుండాడు. ప్రకాశం మామా, నీ తక్కిన ట్రాక్టర్లు గూడా ఇప్పుడే ఫోను జేసి తెప్పించు. ఏట్లోకి ఖాళీగా రావాల, బురద నింపుకోని ఎనక్కి పోవాల. తొట్టి తోడించేదాకా ఒక్క మిషను తిరగగూడదు. తిరగని దినాలకు కూలి నువ్వే ఇయ్యాల, వీళ్ల కడుపులు మాడ్చి గాదు. అయ్యగారూ, ఈ మాటలన్నీ కమిటీ తీర్మానంగా రాసి, పెద్దలందరితో ఈడనే సంతకాలు పెట్టించండి. లేయండి.”